పచ్చచుక్క అవతలి మనిషి

మన ఇళ్లలో సంబంధం మాట రాగానే ముందు జరిగేది వాకబు. పిల్లాడిది ఏ ఊరు, ఎవరి తాలూకు, ఉద్యోగం ఉందంటున్నారు కదా నిజంగానే ఉందా, తాగుతాడా, పొలం మీద అప్పేమైనా ఉందా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒక్కరే తెచ్చేవారు కాదు. మేనమామ ఒక కబురు మోసుకొచ్చేవాడు, ఆ వీధిలో పాలు పోసే ఆవిడ ఇంకో కబురు చెప్పేది, ఆర్టీసీలో పనిచేసే దూరపు చుట్టం మూడోది. ఆ వాకబు గొప్పదేం కాదు. కులం అడిగేది, కట్నం లెక్కగట్టేది, అన్నీ కనుక్కుని చివరికి పెళ్లికూతురిని అడగడం మాత్రం మర్చిపోయేది. అయినా ఒక సుఖం ఉండేది. తేడా వస్తే నింద పదిమంది మీదా పడేది. "మీ మావయ్య చెప్పబట్టే కదా!" అనడానికి ఒక మావయ్య ఉండేవాడు.

ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఒక పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. "హాయ్ అండీ, తిన్నారా?" అని మెసేజ్. ఊరు తెలీదు, తాలూకు తెలీదు, డీపీలో ఉన్న మొహం ఆ మనిషిదేనో కాదో తెలీదు. జవాబివ్వాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. మన అమ్మమ్మలకు లేని స్వేచ్ఛ ఇది. దాన్ని వెనక్కి ఇచ్చేయమని నేను ఎవరికీ చెప్పను. కాకపోతే ఆ స్వేచ్ఛతోపాటు మేనమామ పని, పాలావిడ పని, ఆర్టీసీ చుట్టం పని కూడా మన నెత్తినే పడ్డాయి. స్వేచ్ఛని అందరం తీసుకున్నాం. పని సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ఆ పని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ: పరిచయం ఎంతవరకు వెళ్లాలో తేల్చుకునే వీలు చివరిదాకా మీ చేతిలో ఉండేలా చూసుకోవడం, అవతలి మనిషి చేతిలోనూ ఉండనివ్వడం. మిగతా అధ్యాయమంతా దాని వివరమే.

ఇష్టపడే ఒప్పుకున్నావు కదా?

ఆన్‌లైన్‌లో మోసపోయినవాళ్లని ఇంటా బయటా అందరూ ఒకటే అడుగుతారు. "నీ ఇష్టంతోనే పంపావు కదా?" నిజమే, బటన్ నొక్కింది వాళ్ల వేలే. అంతమాత్రాన అది వాళ్లు ఎంచుకుని చేసిన పని అయిపోతుందా?

ఈ ప్రశ్నని అరిస్టాటిల్ ఇరవై మూడు శతాబ్దాల కిందటే, నికోమాకియన్ ఎథిక్స్ మూడో భాగంలో విడదీసి చూశాడు. బలవంతం మీద చేసిన పనినీ, తెలియక చేసిన పనినీ ఇష్టపూర్వకంగా చేసినవాటి లెక్కలో వేయకూడదన్నాడు. అక్కడితో ఆగితే మనందరికీ హాయిగా ఉండేది. తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకపోతే ఆ తెలియనితనానికి మనిషే బాధ్యుడని కూడా అన్నాడాయన.

నన్నడిగితే, ఈ విషయంలో రోజువారీ పనికొచ్చే కొలబద్ద మన చట్టంలోనే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 14వ సెక్షన్ స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అంటే ఏమిటో చెబుతుంది. అయిదు కారణాల వల్ల పుట్టిన ఒప్పుదల స్వేచ్ఛగా ఇచ్చింది కాదు: బలవంతం, మనసు మీద ఉన్న పట్టుని దుర్వినియోగం చేయడం, మోసం, అబద్ధపు సమాచారం, పొరపాటు. వీటిలో రెండోదాన్ని కాస్త ఆగి చూడాలి. వయసు వల్లో జబ్బు వల్లో మనోవేదన వల్లో ఆలోచించే శక్తి తాత్కాలికంగానైనా దెబ్బతిన్న మనిషితో ఒప్పందం చేసుకునేవాడికి, ఆ మనిషి మీద పట్టు ఉన్నట్టే లెక్క అంటుంది 16వ సెక్షన్. భర్త పోయిన ఆర్నెల్లకి రోజూ పొద్దున్నే "లేచారా అండీ?" అని మెసేజ్ పెట్టేవాడు ఆ చట్టం రాసినవాళ్ల ఊహలో ఉండి ఉండడు. అయినా వాడికి అది అతికినట్టు సరిపోతుంది.

స్నేహం కాంట్రాక్టు కాదు. చాట్ చేసే ముందు చట్టం పుస్తకం తీయమనీ కాదు. ఏదైనా పెద్దదానికి, అంటే డబ్బుకో, ఫోటోకో, ఒంటరిగా కలవడానికో "సరే" అనబోయే ముందు ఆ అయిదింటిలో ఏదైనా మీ చుట్టూ ఉందేమో చూసుకోమని. భయపడి అంటున్నానా? మొహమాటపడి అంటున్నానా? నాకు తెలిసింది నేను కనుక్కున్నదా, వాళ్లు చెప్పిందేనా?

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో, చెప్పాల్సిందంతా చెప్పేశాక, కృష్ణుడు అర్జునుణ్ణి బాగా ఆలోచించుకుని తనకి తోచినట్టు చేయమంటాడు. రెండు సేనలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి, శంఖాలు ఊదడం కూడా అయిపోయింది. అప్పుడు కూడా ఆలోచించుకోవడానికి టైమిచ్చాడాయన. "ఇప్పుడే పంపాలి, పది నిమిషాల్లో పంపాలి" అని తొందరపెట్టే ఇన్‌స్టా స్నేహితుడికి కురుక్షేత్రాన్ని మించిన అర్జెంటు ఏం వచ్చి పడిందో అడిగి చూడండి.

తణుకు టీచరు, రోటర్‌డామ్ ఇంజినీరు

ఒక కథ ఊహించుకుందాం. ఊహించిందే గానీ, సైబర్ క్రైమ్ పోలీసులకి సగం చెబితే మిగతా సగం వాళ్లే చెప్పేసే రకం. తణుకులో ఒక టీచరు, నలభై దాటింది, ఒంటరిగా ఉంటుంది. రోటర్‌డామ్‌లో ఓడల ఇంజినీరునని చెప్పుకునే ఒకాయన ఫేస్‌బుక్‌లో పరిచయమయ్యాడు.

మొదట్లో అంతా మర్యాదే. "పిల్లలు బాగా అల్లరి చేశారా ఇవాళ?" "ఆఁ, యూనిట్ టెస్టులండీ, ఊపిరాడలేదు." కొన్నాళ్లకి ఒక రాత్రి: "ఇంకా ఈ మీరూ గీరూ ఏంటి, నువ్వు అనొచ్చుగా." ఆవిడ కాసేపు ఫోన్ పక్కన పెట్టి, మళ్లీ తీసి, "సరే, నువ్వు" అని టైప్ చేసి నవ్వు మొహం పెట్టింది. ఆ తర్వాత, "ఇక్కడ అందరూ చూస్తుంటారు, వాట్సాప్‌కి వచ్చేద్దాం." సరే. ఆ తర్వాత, "మన సంగతి అప్పుడే ఎవరికీ చెప్పకు. నేను ఇండియా వచ్చినప్పుడు మీ అన్నయ్యతో నేనే మాట్లాడతా." అందులో పెద్దమనిషి తరహా కనబడిందావిడకి. సరే.

తర్వాత పార్సిల్ వచ్చింది. వచ్చిందంటే, ఫోటో వచ్చింది: అట్టపెట్టెలో గొలుసు, ఐఫోను, ఒక చీర. రెండోనాడు ఢిల్లీ ఎయిర్‌పోర్టు కస్టమ్స్ నుంచి అంటూ ఒక ఆడగొంతు. డ్యూటీ 38,500 రూపాయలు. అది కట్టాక, పార్సిల్లో విదేశీ కరెన్సీ దొరికిందని ఇంకో 1,20,000. కట్టకపోతే కేసు. ఇంజినీరు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, "నీకోసమే పంపాను, నువ్వు ఇరుక్కుంటావని అనుకోలేదు" అన్నాడు. సాయంత్రం నాలుగున్నరకి, బ్యాంకు మూసే వేళకి, ఆవిడ ఎఫ్‌డీ విరగ్గొట్టింది.

ఇందులో ఆవిడ స్వేచ్ఛగా ఎంచుకున్నది ఏది? డబ్బు పంపడం కాదు. ఆ సాయంత్రం ఆవిడ చుట్టూ భయం, అబద్ధం, తొందర, మనసు మీద పట్టు అన్నీ ఉన్నాయి. ఆ "సరే"కి విలువ లేదు. అసలైన ఎంపికలు అంతకు ముందున్నాయి. "నువ్వు" అనడానికి ఒప్పుకున్న రాత్రి ఆవిడని ఎవరూ బెదిరించలేదు. వాట్సాప్‌కి మారిన రోజు తీరిగ్గా టీ తాగుతూ ఉంది. ఎవరికీ చెప్పకన్నప్పుడు "ఎందుకు?" అని అడగడానికి కావలసినంత టైముంది. అరిస్టాటిల్‌దే ఇంకో మాట ఇక్కడ పనికొస్తుంది. విసిరిన రాయిని వెనక్కి పిలవలేం, కానీ విసరకుండా ఉండటం మన చేతిలో ఉండింది అంటాడాయన.

మనమేమో జాగ్రత్తనంతా చివర్లో పెడతాం. "డబ్బు అడిగితే ఇవ్వకు" అని పిల్లలకీ పెద్దలకీ చెబుతూనే ఉంటాం. డబ్బు అడిగే సమయానికి ఎదుటివాడు అపరిచితుడిగా ఉండడు, నెలల తరబడి గుడ్ నైట్ చెప్పిన మనిషిగా ఉంటాడు. ఆ కథలో అన్నిటికంటే ఖరీదైన "సరే" పైసా ఖర్చు లేనిది: ఎవరికీ చెప్పకు అన్నదానికి చెప్పిన సరే. అది అన్న క్షణంలో మేనమామా, పాలావిడా ఇద్దరూ ఒకేసారి ఆటలోంచి తప్పుకున్నారు.

ఇంత చెప్పానని నేరంలో ఆవిడకి వాటా ఉందనుకోకండి. తలుపు తీసి పెట్టిన ఇంట్లో జరిగినా దొంగతనం దొంగతనమే. కంప్యూటర్, ఫోన్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేసినవాడికి ఐటీ చట్టం 66డి సెక్షన్ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అంటుంది. శిక్ష వాడికే. తన చేతిలో ఏముండిందో వెనక్కి తిరిగి చూసుకోవడం వేరే పని, అది శిక్ష కోసం కాదు. ఏమీ నా చేతిలో లేదనుకునే మనిషికి రేపు జాగ్రత్తపడే దారి కూడా కనబడదు. నాకు బాధ్యత అంటే ఆ దారే.

మరి అంత చదువుకున్నావిడ ఎలా నమ్మింది? "అంత చదువుకున్నా" అనడంలోనే మన తెలివితక్కువతనం ఉంది. దగ్గరితనం పుట్టడానికి చదువు అడ్డం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన ప్రయోగంలో ఒకరికొకరు తెలియనివాళ్లని జంటలుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. పైపై ప్రశ్నలతో మొదలై క్రమంగా లోతుకి వెళతాయవి. ముప్పావు గంటయ్యేసరికి ఆ కొత్తవాళ్ల మధ్య నిజంగానే దగ్గరితనం పుట్టింది. అంతకు ముందు సంవత్సరమే జోసెఫ్ వాల్తర్ అనే పరిశోధకుడు ఇంకో సంగతి రాశాడు. మొహం చూడకుండా రాతలతో సాగే పరిచయం ఒక్కోసారి ఎదురెదురు పరిచయం కంటే గాఢంగా ఉంటుందని. రాసేవాడు తనలో మంచిదే ఏరి పంపుతాడు, చదివేవాళ్లు ఖాళీలను తమకి కావలసిన రంగుతో నింపుకుంటారు. గొంతులో చిరాకు వినబడదు, హోటల్లో సర్వర్ మీద అరవడం కనబడదు.

కాబట్టి మీకు కలిగిన దగ్గరితనం అబద్ధమని నేననను. అది నిజమే. అది మీ గురించి చెబుతుంది, అవతలి మనిషి గురించి ఏమీ చెప్పదు. "నాకు మనసులో అనిపించింది, మంచివాడే" అన్నది సాక్ష్యం కింద చెల్లదు.

ఒక చిన్న "వద్దు"

ఫోటోని గూగుల్ లెన్స్‌లో వేసి వెతకండి, అదే మొహం ఇంకో పేరుతో ఎక్కడైనా ఉందేమో. ఉద్యోగం చెప్పారా, ఆ ఆఫీసు నంబరు మీరే వెతికి పట్టుకోండి, వాళ్లిచ్చింది కాదు. "వెరిఫైడ్" అన్న గుర్తు దేన్ని సరిచూసి ఇచ్చారో చదవండి, చాలా చోట్ల అది ఫోన్ నంబరో సెల్ఫీయో మాత్రమే. మ్యాట్రిమోనీ సైట్లు గుర్తింపు పత్రాలు తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2016లో సూచనలిచ్చింది, అయినా పత్రం పేరునే చెబుతుంది, పెళ్లయిందో లేదో చెప్పదు. వీడియో కాల్ అడగండి, కానీ అదే చివరి మాట అనుకోకండి. 2024లో హాంగ్‌కాంగ్‌లో ఒక కంపెనీ ఉద్యోగి వీడియో మీటింగులో తన పైఅధికారుల్ని చూసి, నమ్మి, దాదాపు 20 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు పంపేశాడు. తెర మీద ఉన్నవన్నీ కంప్యూటర్ తయారుచేసిన మొహాలు. కస్టమ్స్ అధికారులెవరూ వ్యక్తిగత ఖాతాలో డబ్బు వేయమనరు. వాళ్లు పంపే ఉత్తరాల మీద 2019 నుంచి డిన్ అనే నంబరు ఉంటుంది, పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు.

ఇవన్నీ చేయాల్సినవే. వీటన్నిటికంటే నేను ఎక్కువ నమ్మే పరీక్ష ఒకటుంది, దానికి ఏ యాపూ అక్కర్లేదు. ఏదైనా ఒక చిన్న విషయానికి "వద్దు" అనండి. ఊరికే, పెద్ద కారణం లేకుండా. "ఇవాళ మాట్లాడలేను." "ఫోటో పంపడం నాకిష్టం లేదు." "వాట్సాప్ వద్దు, ఇక్కడే బాగుంది." "మా అక్కకి నీ గురించి చెప్పాను." ఆ తర్వాత ఏమొస్తుందో చూడండి.

మామూలు మనిషైతే కాస్త నొచ్చుకున్నా సర్దుకుంటాడు. "సరేలే, రేపు మాట్లాడదాం" అంటాడు. మీ అక్క ఏమందని అడుగుతాడు. కొంతమంది మాత్రం మూడు మెట్లు వరసగా ఎక్కుతారు: ముందు జాలి ("నా మీద నమ్మకం లేదన్నమాట"), తర్వాత లెక్క ("నీకోసం ఎంత చేశాను"), ఆఖర్న కోపం లేదా బెదిరింపు. ఈ మూడూ వేరువేరుగా కనబడతాయి గానీ పని ఒకటే, మీ "వద్దు"ని ఖరీదైనదిగా మార్చడం. ఈ పరీక్ష మోసగాళ్లకే కాదు, అసలు పేరుతో, అసలు ఉద్యోగంతో, నిజంగానే పెళ్లి ఉద్దేశంతో వచ్చినవాళ్లకి కూడా వర్తిస్తుంది. ఆధార్ కార్డు అసలుదై, "వద్దు" అంటే భరించలేని మనిషితో కాపురం చేయడం కంటే నకిలీ ప్రొఫైల్ చేతిలో ఓ పదివేలు పోవడమే నయమనిపిస్తుంది నాకు.

కలవాలనుకుంటే పగలు కలవండి, జనం ఉన్నచోట, మీ బండి మీద వెళ్లి మీ బండి మీదే రాగలిగే చోట. వెళుతున్నట్టు ఒకరికి చెప్పండి. రైలు దిగిన చోటికి వాళ్ల కారు వస్తుందంటే, తిరిగొచ్చే టైము వాళ్ల చేతిలో పెట్టినట్టే.

మనమూ ఒకరికి పచ్చచుక్కలమే

ఇప్పటిదాకా చదివినవాళ్లు తమని తాము తణుకు టీచరు స్థానంలోనే ఊహించుకుని ఉంటారు. సహజం. కానీ అద్దం కొంచెం తిప్పుదాం. ప్రొఫైల్లో మీ ఫోటో ఏ సంవత్సరంది? పెళ్లయిన సంగతి మీ పేజీలో ఎక్కడుంది? "ఊరికే టైంపాస్" అని మీరు అనుకుంటున్నది అవతలివాళ్లకి తెలుసా?

ఎవరికైనా అబద్ధం చెప్పామంటే వాళ్ల చేతిలోంచి ఎంపిక లాగేసుకున్నాం. వాళ్లు "సరే" అన్నది మనకి కాదు, మనం తయారుచేసిన బొమ్మకి. ఆ సరేని మన ఖాతాలో వేసుకుంటున్నాం. నైతికంగా చూస్తే కస్టమ్స్ పేరుతో ఫోన్ చేసినవాడికీ, ఇంట్లో భార్య పక్క గదిలో ఉండగా "నేను ఒంటరిని" అని టైప్ చేసేవాడికీ మధ్య తేడా ఉంది, కాదనను. మనం అనుకున్నంత తేడా మాత్రం లేదు. చట్టం కూడా ఈ వైపు జరుగుతోంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ ప్రకారం, నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి స్త్రీతో శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. అసలు తానెవరో దాచి పెళ్లాడటాన్ని కూడా అక్కడ మోసం కిందే లెక్కవేశారు.

ఇంకో మాట కుర్రాళ్లకి ప్రత్యేకంగా. ఒకమ్మాయి మీకు రాసింది మీకు మాత్రమే రాసింది. ఆ స్క్రీన్‌షాట్ ఫ్రెండ్స్ గ్రూపులో పడేసి నవ్వుకునే హక్కు ఆమె ఇవ్వలేదు. మానేయాలనుకున్నప్పుడు చెప్పి మానేయండి. "ఇది ముందుకు వెళ్లదనిపిస్తోంది" అని రాయడానికి అరనిమిషం పడుతుంది. (అదే అవతలివాళ్లు బెదిరిస్తుంటే చెప్పక్కర్లేదు, బ్లాక్ చేసి వదిలేయండి. మర్యాద బాకీ లేదు.)

తుపానులో సరుకు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రోటర్‌డామ్ ఇంజినీరుగా టైప్ చేస్తున్నది ఎవరు?

2024 మేలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లని అరెస్టు చేశారు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని డబ్బు కట్టించుకుని మన కుర్రాళ్లని కంబోడియా పంపిన కేసు అది. దిగగానే పాస్‌పోర్టులు లాక్కుని, గేట్ల లోపల పెట్టి, మనవాళ్లనే మోసం చేయించారు. నకిలీ పార్సిల్ కేసులు, షేర్ మార్కెట్ పేరుతో వల, ఆడపిల్లల ఫోటోలతో తీయని చాటింగు. అదే నెలలో సిహనూక్‌విల్‌లో భారతీయులు తిరగబడ్డారు. కొందరు తిరిగొచ్చి విశాఖ విమానాశ్రయంలో దిగారు. 2023 ఆగస్టులో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చిన అంచనా ప్రకారం ఇలా బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్న మనుషులు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు 1,00,000 మంది.

అంటే "తిన్నారా?" అని అంత చక్కటి తెలుగులో అడిగినవాడు శ్రీకాకుళం వైపు కుర్రాడే అయి ఉండొచ్చు, వాడు తిన్నాడో లేదో అడిగే దిక్కు లేకుండా.

వాడు దోషా? అరిస్టాటిల్ తుపానులో చిక్కుకున్న ఓడ ఉదాహరణ చెప్పాడు. ప్రాణాలు దక్కించుకోవడానికి సరుకుని సముద్రంలో పారేస్తారు. మామూలు రోజున ఏ తెలివైనవాడూ ఆ పని చేయడు, ఆ రోజున ప్రతి తెలివైనవాడూ చేస్తాడు. ఇష్టమూ కాదు, పూర్తి బలవంతమూ కాదు, కలగలుపు. కానీ ఓడవాళ్లు పారేసింది తాము మోస్తున్న సరుకు. ఈ కుర్రాడు పారేస్తున్నది తణుకు టీచరు ఎఫ్‌డీ. నా లెక్కలో, కొట్టి కూర్చోబెడితే టైప్ చేసినవాడి మీద పడే నింద తక్కువ. అక్కడే కాస్త కుదురుకుని, తలకింత కమీషను తీసుకుని సొంత ఊరి స్నేహితుణ్ణి "మంచి ఉద్యోగం రా, వచ్చెయ్" అని పిలిచినవాడి మీద చాలా ఎక్కువ. ఆ ఫోన్ చేసినప్పుడు వాడికి వద్దనే వీలు ఎంతుందో నాకు అంత తేలిగ్గా తేలలేదు. ఏజెంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ సందేహమూ లేదు, వాడి మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

పాఠకులకి దీంతో రెండు పనులు. ఒకటి, అవతల ఉన్నది బందీ కావచ్చన్న జాలితో చాటింగు సాగించకండి, మీరు పంపే డబ్బు వాడికి చేరదు, వాడిని పట్టుకున్నవాళ్లకి చేరుతుంది. రిపోర్టు చేయండి. రెండోది, మీ ఇంట్లో ఎవరైనా విదేశీ ఉద్యోగమని టికెట్ చేతపట్టుకుంటే, ఆ ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదై ఉందో లేదో ఎక్కే ముందు చూడండి. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అంటే అక్కడే ఆపండి.

జరిగిపోయాక

డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు రాయాలి, బ్యాంకుకి చెప్పాలి. డబ్బు మీ ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి నాలుగైదు ఖాతాలకి చీలిపోతూ పరిగెడుతుంటుంది. ఎక్కడో ఒకచోట నిలిపివేయించగలిగితే తిరిగొచ్చే ఆశ ఉంటుంది, అందుకే మొదటి గంటకి అంత విలువ. లావాదేవీ యూటీఆర్ నంబరు, పంపిన ఖాతా వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. సిగ్గుతో చాట్ చెరిపేయడం చాలామంది మొదట చేసే పని, దయచేసి అది మాత్రం చేయకండి. పోయిన డబ్బు తెప్పిస్తామని ఫీజు అడుగుతూ వచ్చే "రికవరీ" వాళ్లూ మోసగాళ్లే, ఒక్కోసారి అదే ముఠా రెండో విడత.

ఫోటోలతో బెదిరిస్తుంటే డబ్బివ్వకండి. ఇచ్చినందువల్ల ఫోటో చెరిగిపోదు, ఇచ్చేవాళ్లని వాళ్లకి తెలిసిపోతుంది. పద్దెనిమిది దాటినవాళ్లకి స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర లాంటిది మాత్రమే వెళుతుంది, ఆ పథకంలో చేరిన సోషల్ మీడియా సంస్థలు దాంతో సరిపోల్చి తమ వేదికల మీద ఆ ఫోటోని అడ్డుకుంటాయి. ఒకరి ఒంటి ప్రైవేటు భాగాల చిత్రాన్ని వాళ్ల ఒప్పుదల లేకుండా తీసినా పంచినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద నేరం.

చివరిగా, మోసపోయింది మీరు కాకుండా మీ ఇంట్లోవాళ్లయితే. మీ అమ్మో, తమ్ముడో, అర్ధరాత్రి తలుపు కొట్టి, తలొంచుకుని చెప్పడం మొదలుపెడతారు. "నీ బుద్ధి ఏమైంది?" అన్నది నోటిదాకా వస్తుంది. "ఎంత పోయింది?" అన్నది దాని వెనకే. రెండూ తర్వాత అడగొచ్చు. ముందు "ఎప్పుడు పంపావు?" అని అడిగి, వాళ్ల ఫోన్ తీసుకుని 1930 కొట్టండి, ఆ లైన్లో మొదట అడిగేవాటిలో అదొకటి.